మోగిందా, విన్నానా: 84 రోజుల ప్రాజెక్టు డైరీ

మొదలుపెట్టే ముందు

ఏడాది చివర నా మ్యూజిక్ యాప్ ఒక లెక్క చూపించింది. ఈ ఏడాది మీరు అన్నిటికన్నా ఎక్కువసార్లు విన్న పాట ఇదేనంది. ఆ పాట పల్లవి నాకు వచ్చు. చరణం మొదటి మాట గుర్తు తెచ్చుకుందామంటే రాలేదు. మధ్యలో వచ్చేది ఫ్లూటో వయొలినో చెప్పలేకపోయాను. చిన్నప్పటి నుంచీ సినిమా, పాట తప్ప వేరే ధ్యాస లేని మనిషిని. అందుకే ఆ లెక్క నన్ను రెండు మూడు రోజులు వదల్లేదు.

యాప్ తప్పు చెప్పలేదు. విన్న పాటల లెక్క రాసిపెట్టే లాస్ట్.ఎఫ్ఎంలో పాట సగం నడిచినా, లేదంటే 4 నిమిషాలు నడిచినా ఒకసారి విన్నట్టే నమోదవుతుంది. స్పాటిఫైకి 30 సెకన్లు చాలు. పాట మోగిందన్న సంగతి వరకే వాటికి తెలుస్తుంది. పాట మోగుతుంది, మనం వింటాం. సినిమా ఆడుతుంది, మనం చూస్తాం. మోగినవన్నీ విన్నానా, ఆడినవన్నీ చూశానా? పన్నెండు వారాలు రాసి చూద్దామనుకున్నాను.

సరంజామా పెద్దగా లేదు. రెండు వందల పేజీల రూళ్ల నోటు పుస్తకం, పెన్సిలు. ఆదివారం రాత్రి వాటిని స్ప్రెడ్‌షీట్‌లోకి ఎక్కించడం. గళ్లు ఇవి: తేదీ, పేరు, దేని మీద, ఎప్పటి నుంచి ఎప్పటి దాకా, ఎన్నోసారి, చివర్లో ఒక అక్షరం. పాటకైతే ‘మో’ లేదా ‘వి’. సినిమాకైతే ‘ఆ’ లేదా ‘చూ’. పాట అయిపోయాక అందులోంచి ఒక్క సంగతి చూడకుండా రాయగలిగితేనే ‘వి’. ఒక వాయిద్యం పేరు కావచ్చు, చరణంలో ఒక మాట కావచ్చు, గొంతు వణికిన చోటు కావచ్చు. రాయలేకపోతే ‘మో’, అంతే.

7వ రోజు

మొదటి వారం లెక్క: మోగినది 38 గంటలు. విన్నది 5 గంటల 20 నిమిషాలు.

సినిమాలు నాలుగు మొదలుపెట్టాను, ఒక్కటే పూర్తయింది. ఆ ఒక్కటి కూడా సగం ‘ఆ’. నడుమ మూడుసార్లు ఫోన్ తీశాను. తీసిన ప్రతిసారీ గోడ గడియారం చూసి టైమ్ రాసుకున్నాను. మొత్తం 26 నిమిషాలు తెర వైపు కళ్లు లేవు. కథ అర్థమైపోయింది. కానీ కథ అర్థం కావడానికే అయితే సినిమా చూడక్కర్లేదు, ఎవరినైనా అడిగితే చెప్తారు.

ఇంకో సంగతి. ఆ 38 గంటల్లో దాదాపు 30 హెడ్‌ఫోన్లలోనే. ఫోన్ చూపించిన సగటు శబ్దం 83 డెసిబెల్స్. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దవాళ్లకి చెప్పే హద్దు వారానికి 80 డెసిబెల్స్ దగ్గర 40 గంటలు. ప్రతి 3 డెసిబెల్స్‌కీ సమయం సగానికి తగ్గించుకోవాలి. అంటే నాకు 20 గంటలే ఉంది, నేను 30 వాడేశాను. దాంట్లో ముప్పావు వంతుకు పైగా ‘మో’ కింద పోయినదే. వినని పాటల కోసం చెవులు అరగదీసుకుంటున్నానని తెలిసేసరికి నిజంగా బాధేసింది. ఆ రాత్రే పనిచేసుకునేటప్పుడు పాటలు పెట్టుకోవడం ఆపేశాను.

10వ రోజు

షఫుల్ తీసేశాను. ఆల్బమ్ ఏదైనా మొదటి పాట నుంచి, వరసలో, మధ్యలో దాటేయకుండా.

తొలిరోజు చాలా కష్టమైంది. మూడో పాట దగ్గర వేలు దానంతట అదే ‘నెక్స్ట్’ మీదకి వెళ్లింది. అది నెమ్మదిగా నడిచే పాట. ఎప్పుడూ మొదటి పది సెకన్లు విని దాటేసేదాన్ని. ఈసారి ఉంచాను. రెండో నిమిషంలో తబలా ఆగిపోయి తంబురా మీద గొంతు ఒక్కటే మిగిలింది. ఆ పాట నా దగ్గర ఏళ్లుగా ఉంది. తబలా ఆగిన ఆ చోటికి నేను ఒక్కసారి కూడా చేరలేదు.

13వ రోజు

ఒకసారి కూర్చుంటే ఎంతసేపు వినాలి? గంట పెట్టుకుంటే చివరి ఇరవై నిమిషాలు ‘మో’ అయిపోతోంది. రెండు మూడు పాటలంటే ఊపు రాకముందే ఆగిపోతోంది. దీనికి జవాబు పాత రికార్డుల్లో దొరికింది.

10 అంగుళాల 78 ఆర్‌పీఎం (నిమిషానికి 78 చుట్లు తిరిగే) రికార్డు మీద ఒక వైపు మూడు నిమిషాల చిల్లర పట్టేది. పాట అంటే మూడు నిమిషాలు అన్న అలవాటు వెనక ఆ రికార్డు ఉంది. 1948లో కొలంబియా కంపెనీ 33⅓ ఆర్‌పీఎం ఎల్పీ (లాంగ్ ప్లే) రికార్డు తెచ్చాక ఒక వైపుకి ఇరవై, ఇరవై రెండు నిమిషాలు దొరికాయి. ఆ కొలతలో ఒక మొదలు, ఒక ముగింపు ఉండేలా పాటలు పేర్చడం నేర్చుకున్నారు. సైడు అయిపోతే లేచి తిప్పాలి. ఆ లేవడంలోనే విన్నది కాస్త లోపలికి ఇంకుతుంది.

సినిమా రీలు లెక్క కూడా వేసి చూశాను. 35 ఎంఎం ఫిల్ములో అడుగుకి 16 ఫ్రేములు. సెకనుకి 24 ఫ్రేములు నడుస్తాయి కాబట్టి నిమిషానికి 90 అడుగులు. వెయ్యి అడుగుల రీలు 11 నిమిషాలు. పద్నాలుగు రీళ్ల సినిమా అని పెద్దవాళ్లు అనేది అందుకే రెండున్నర గంటలకి సరిపోతుంది. రెండు వేల అడుగుల పెద్ద రీలైతే 22 నిమిషాలు. ఎల్పీ సైడూ, పెద్ద రీలూ ఒకటే కొలత!

ఇది చూసి ఎంత సంతోషం వేసిందో రాయలేను. ఒకదానితో ఒకటి సంబంధం లేని రెండు యంత్రాలు, నాకిష్టమైన రెండూ, దాదాపు ఒకే నిడివి దగ్గర ఆగాయి. ఇకపై నా లెక్క ‘సైడు’, ‘రీలు’. రెండూ 22 నిమిషాలు. రోజుకి ఒక సైడు కూర్చుని వినాలి. సినిమా మధ్యలో లేవాల్సి వస్తే రీలు పూర్తయ్యాకే లేవాలి.

18వ రోజు

టీవీ సర్దడానికి ఒక సాయంత్రమంతా పట్టింది.

కొన్నప్పటి నుంచీ దాని మీద సినిమాలు టీవీ సీరియల్‌లా కనిపించేవి. మనుషులు జారుతున్నట్టు, కెమెరా మరీ నున్నగా కదులుతున్నట్టు. కారణం మోషన్ స్మూతింగ్. సినిమా సెకనుకి 24 ఫ్రేములతో తీస్తారు. టీవీ 60 సార్లో 120 సార్లో తెరను నింపుతుంది. ఖాళీగా ఉన్న చోట తనే కొత్త ఫ్రేములు ఊహించి గీసి పెడుతుంది. అంటే తెర మీద మనం చూసేవాటిలో సగానికి పైగా కెమెరా ఎప్పుడూ తీయనివి. ఈ సెట్టింగ్‌కి ఒక్కో కంపెనీ ఒక్కో పేరు పెడుతుంది కాబట్టి మెనూలన్నీ వెతకాలి. 2019లో ప్రకటించిన ఫిల్మ్‌మేకర్ మోడ్ మీ టీవీలో ఉంటే పని సులువు, ఆ ఒక్కటి పెడితే ఇలాంటివన్నీ ఆగిపోతాయి. నా దాంట్లో లేదు. ఒక్కొక్కటీ వెతికి ఆపాను.

తర్వాత మాటలు. నాన్న ఎప్పుడూ అనేది ఒకటే: “పాటొస్తే ఇల్లంతా అదురుతుంది, మాటలొస్తే ఒక్కటీ వినపడదు.” రిమోట్ ఆయన చేతిలోనే ఉంటుంది, సినిమా అంతా పెంచుతూ తగ్గిస్తూ ఉంటారు. ఆరు దారుల్లో శబ్దం వచ్చే 5.1 మిక్సులో మాటలు ఎక్కువగా మధ్య స్పీకర్‌లో ఉంటాయి. మా టీవీకి మధ్య స్పీకర్ లేదు, ఉన్న రెండూ వెనక గోడ వైపు తిరిగి ఉన్నాయి. ఆరు దారుల శబ్దాన్ని టీవీ ఆ రెండిట్లోకి కుక్కుతోంది. ఆడియో మెనూలో 5.1 బదులు స్టీరియో ఎంచుకున్నాను. మూలన పడి ఉన్న చిన్న స్పీకర్లు రెండు తెచ్చి, కూర్చున్నప్పుడు చెవి ఉండే ఎత్తులో, మా సోఫాతో కలిపి సమాన త్రిభుజం అయ్యేలా టేపుతో కొలిచి పెట్టాను.

నాన్న ఒక రీలు చూశారు. రిమోట్ ముట్టుకోలేదు. పుస్తకంలో ఆ రోజు ‘చూ’ పక్కన రెండు గీతలు గీశాను, ఇద్దరం చూశామని.

29వ రోజు

చాలా కాలంగా తేల్చుకోవాలనుకున్న సంగతి: శబ్దంలో కొంత కోసి ఫైలు చిన్నది చేసే 320 కేబీపీఎస్ ఎంపీ3కీ, ఏమీ కోత పెట్టని ఫ్లాక్‌కీ తేడా నాకు తెలుస్తుందా? దీని కోసం ఒకే ఆల్బమ్‌ని రెండు మూడు రూపాల్లో దాచుకున్న హార్డ్‌డిస్క్ ఉంది నా దగ్గర. పాట పెట్టగానే మనసు ముందు ఫార్మాట్ మీదకి పోతుంది. అదీ ‘మో’కి ఒక కారణమే అని నా అనుమానం.

తమ్ముడిని కూర్చోబెట్టాను. నాకు కనపడకుండా వాడు బొమ్మా బొరుసూ వేసి ఏదో ఒకటి పెడతాడు, నేను చెప్పాలి. పదింటికి ఎనిమిది సరిగ్గా చెప్పాను. గాల్లో తేలిపోయాను. అప్పుడు వాడన్నాడు, “అక్కా, ఇదొకటి కొంచెం గట్టిగా ఉంది కదా? నాక్కూడా తెలుస్తోంది.”

నిజమే. రెండు ఫైళ్లూ వేర్వేరు చోట్ల నుంచి వచ్చినవి. కొలిస్తే 2 డెసిబెల్స్ తేడా. కాస్త గట్టిగా ఉన్నది చెవికి మంచిదనిపిస్తుంది, ఎవరికైనా అంతే. అందుకే ఈ పరీక్షల్లో మొదట చేయాల్సిన పని శబ్దం సమానం చేయడం. ఆ ఫ్లాక్ నుంచే ఎంపీ3 తయారుచేసి, రెండూ ఒకే స్థాయికి తెచ్చి, మళ్లీ మొదలుపెట్టాం. పదింటికి ఐదు. కళ్లు మూసుకుని ఊహించినా అంతే వస్తుంది.

ఆ రాత్రి ఒక్కో ఆల్బమ్‌కీ ఒక్క కాపీ ఉంచి మిగతావి తీసేశాను. ఫ్లాక్‌లే ఉంచాను, రేపు వేరే ఫార్మాట్‌లోకి మార్చాలంటే మూలం చెడకుండా ఉండాలి కదా. వినడానికైతే ఫోన్‌లో ఎంపీ3 చాలు. ఏళ్ల టెన్షన్ ఒక్క గంటలో తీరింది.

37 నుంచి 42

ఏమీ రాయలేదు. పని ఒత్తిడి, ఆపైన జ్వరం. యాప్ హిస్టరీ చూసి గళ్లు నింపేయొచ్చు. నింపలేదు. అది మోగినవాటి జాబితానే, ‘వి’ ఎవరు వేయాలి? ఆరు రోజులూ ఖాళీ.

45వ రోజు

బీరువా పైన నాన్న క్యాసెట్లు దొరికాయి. ఏడు. అన్నీ సీ-90లు, అంటే ఒక్కో వైపు 45 నిమిషాలు. సెకనుకి 4.76 సెంటీమీటర్ల చొప్పున ఒక వైపుకి దాదాపు 130 మీటర్ల టేపు నడుస్తుంది. ఆ టేపు సీ-60ల్లో ఉండేదాని కన్నా పల్చన, అందుకే డెక్ (క్యాసెట్ ప్లేయర్) బాగా లేకపోతే చుట్టుకుపోతుంది. డెక్ మా ఇంట్లోనే ఉంది, ఏళ్లుగా తెరవలేదు.

ముందు శుభ్రం. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో దూది పుల్ల ముంచి, టేపు మీది శబ్దాన్ని చదివే హెడ్ తుడిస్తే గోధుమ రంగు పొడి వచ్చింది. నాలుగు పుల్లలు మార్చాక దూది తెల్లగా వచ్చింది. టేపుని లాగే రబ్బరు పించ్ రోలర్ కూడా తుడిచాను. ఒక క్యాసెట్‌లో టేపుని హెడ్‌కి ఆనించే చిన్న ఫెల్ట్ ముక్క ఊడిపోయి ఉంది. దాన్ని పక్కన పెట్టాను. ఇంకో దాంట్లో టేపు వదులుగా ఉంటే పెన్సిలు దూర్చి తిప్పి బిగించాను, ఈ డైరీ రాసే పెన్సిలుతోనే.

పెట్టగానే పాట వచ్చింది. కానీ దుప్పటి కప్పుకుని పాడుతున్నట్టు. పైస్థాయి శబ్దాలేవీ లేవు.

46వ రోజు

అది అజిమత్ సమస్య. హెడ్‌లోని సన్నని చీలిక టేపు నడిచే దారికి సరిగ్గా నిలువుగా ఉండాలి. రికార్డు చేసిన డెక్ ఒకలా, వినిపించే డెక్ ఇంకోలా వంగి ఉంటే పైస్థాయి శబ్దాలు చచ్చిపోతాయి. హెడ్ పక్కన చిన్న స్ప్రింగు మీద ఒక స్క్రూ ఉంటుంది. శబ్దాన్ని మోనోలో పెట్టుకుని, పాట నడుస్తుండగానే కళ్లజోళ్ల స్క్రూడ్రైవర్‌తో దాన్ని వెంట్రుకవాసి తిప్పాలి.

కుడికి కొంచెం తిప్పాను, ఇంకా మసకబారింది. ఎడమకి తిప్పాను. పావు చుట్టు కూడా కాలేదు, ఒక్కసారిగా తలుపు తీసినట్టు గాయని ‘స’ కారాలు పైకి లేచాయి. తాళం చప్పుడు, వెనక కోరస్‌లో ఎవరో ఊపిరి పీల్చుకోవడం, అన్నీ. వేలు ఇంకొంచెం జరిగితే మళ్లీ మూసుకుపోయింది. వెనక్కి తెచ్చి ఆపాను. పాట అయ్యేదాకా స్క్రూడ్రైవర్ చేతిలోనే ఉంది. ‘వి’ అని రాశాను. ఈ పన్నెండు వారాల్లో అంత గట్టిగా నొక్కి రాసిన ‘వి’ ఇంకోటి లేదు.

ఇంకో లోపం మిగిలింది, శ్రుతి పెరిగింది. అదే పాట డిజిటల్‌లో 4 నిమిషాల 12 సెకన్లు, ఇక్కడ 4 నిమిషాల 4. అంటే డెక్ మూడు శాతం పైగా తొందరపడుతోంది, శ్రుతి అర స్వరస్థానం ఎక్కింది. మోటారు వెనక కన్నంలోంచి స్పీడు స్క్రూ అందింది. రెండు గంటలు తిప్పుతూ, స్టాప్‌వాచ్‌తో కొలుస్తూ, మళ్లీ తిప్పుతూ 4 నిమిషాల 12కి తెచ్చాను.

48వ రోజు

నాన్నని పిలిచాను. మొదటి క్యాసెట్, ఏ సైడు.

ఒక పాట అయిపోయి రెండోది మొదలయ్యే లోపు, ఆ రెండు మూడు సెకన్ల చుయ్‌మనే చప్పుడులో, ఆయన తర్వాతి పాట పల్లవి కూనిరాగం తీశారు. సరైన శ్రుతిలో. తర్వాతి పాటకీ అంతే. టేపులో ఉన్న వరస ఆయనకి పాటల్లాగే కంఠతా వచ్చు. అవి ఒక సినిమావి కావు, ఎవరో అడిగి రికార్డు చేయించుకున్నవి, కాబట్టి ఆ వరస లోకంలో ఇంకెక్కడా లేదు.

చివరి పాట రెండో చరణం మధ్యలో టేపు అయిపోయి టక్కున ఆగింది. నాన్న కూడా అక్కడే ఆపారు, ఆ మాట సగంలోనే. మిగతా చరణం తెలుసా అని అడిగితే, “తెలుసు, కానీ ఇందులో ఇంతే” అన్నారు.

63వ రోజు

ఒకే రీలు మూడుసార్లు చూసే ప్రయోగం. నాకు బాగా తెలిసిన సినిమాలో పాట ఉన్న 22 నిమిషాలు తీసుకున్నాను. మొదటిసారి మామూలుగా. రెండోసారి శబ్దం ఆపేసి, షాట్ మారినప్పుడల్లా పెన్సిలు గీత. మూడోసారి తెర ఆపేసి వినడం మాత్రమే.

గీతలు లెక్కపెడితే 131. అంటే షాటు సగటున పది సెకన్లు. ఈ సగటు షాట్ నిడివి కొలిచి పోల్చే పని పండితులు ఎప్పటి నుంచో చేస్తున్నారు. యూరీ సివియాన్ 2005లో మొదలుపెట్టిన సినీమెట్రిక్స్ వెబ్‌సైట్ దాని కోసమే పుట్టింది. నాకు సగటు కన్నా గీతల మధ్య ఖాళీ ఎక్కువ చెప్పింది. గొడవ పడే సీనులో గీతలు గుత్తులుగా ఉన్నాయి. ఆ తర్వాత ఆమె ఒంటరిగా కూర్చునే షాటు దగ్గర ఒక్కసారిగా సగం లైను ఖాళీ. ఆ సినిమా ఎన్నిసార్లు చూసినా అక్కడే నాకు గొంతు పట్టేస్తుంది. ఎందుకో కాగితం మీద కనిపించింది.

తెర ఆపి విన్నప్పుడు ఇంకా బాగుంది. సీను మారకముందే తర్వాతి సీను శబ్దం లోపలికి వచ్చేస్తోంది. ఎడిటర్లు జె-కట్ అనేది దీన్నే. తొమ్మిది చోట్ల దొరికింది. పాట మొదలయ్యే చోటైతే మెట్లు దిగే అడుగుల చప్పుడు ముందు మామూలుగా ఉంది, నాలుగో మెట్టు నుంచి సమానంగా పడింది, ఏడో మెట్టుకి దాని మీదే డోలక్ ఎక్కింది. పాట ఎక్కడ మొదలైందో కళ్లతో చూస్తే ఎప్పుడూ దొరకలేదు. ఈ ప్రయోగం మాత్రం అందరూ ఒకసారి చేయాలని గట్టిగా చెప్తాను, అదీ బాగా ఇష్టమైన సినిమాతోనే.

71వ రోజు

‘తర్వాత చూడాలి’ జాబితాలో 212 సినిమాలున్నాయి. ఒక్కొక్కటీ చదివి, ఎందుకు పెట్టానో చెప్పగలిగినవి ఉంచాను. 38 మిగిలాయి.

84వ రోజు

పన్నెండో వారం లెక్క: మోగినది 16 గంటలు, విన్నది 9 గంటల 30 నిమిషాలు. సినిమాలు మూడు, మూడూ పూర్తిగా ‘చూ’, ఒకటి రెండోసారి. ‘ఎన్నోసారి’ గడిలో ఒకటి కన్నా పెద్ద అంకెలు పెరిగాయి. కొత్తవి తగ్గాయి, దానికి నాకు బెంగ లేదు.

సాయంత్రం మొదటి క్యాసెట్ ఏ సైడుని కంప్యూటర్‌లోకి ఎక్కించాను. 44.1 కిలోహెర్ట్జ్, 16 బిట్, సీడీకి వాడేదే. దాదాపు 480 ఎంబీ వచ్చింది. చుయ్‌మనే చప్పుడు తగ్గించే ఫిల్టర్ వేసి చూశాను, చప్పుడుతో పాటు కోరస్‌లో ఆ ఊపిరి కూడా పోయింది. ఫిల్టర్ తీసేశాను. చివరి పాటకి మిగతా చరణం డిజిటల్‌లో దొరుకుతుంది, అతికించనా అని నాన్నని అడిగాను.

“వద్దమ్మా, అట్లాగే ఉంచు.”

ఫైలు 45 నిమిషాల 40 సెకన్ల దగ్గర, సగం మాటలో ఆగుతుంది. అట్లాగే సేవ్ చేశాను. రేపు బి సైడు, ఆ తర్వాత ఫెల్ట్ ఊడినదానికి కొత్త ముక్క అతికించాలి.